మూసీ దాటకుండానే మూసీ వెడల్పు

హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ వైపు మూసీ గట్టు మీద మీరు నిలబడ్డారనుకోండి. ఎదురుగా నది. ఆవలి గట్టున హైకోర్టు గుమ్మటాలు, చెట్లు కనబడుతున్నాయి. మీ చేతిలో ఒక టేపు, కోణాలు కొలిచే చిన్న సాధనం ఉన్నాయి. నదిలో దిగకూడదు, వంతెన ఎక్కకూడదు. నది వెడల్పు ఎంతో చెప్పగలరా?

చెప్పవచ్చు. దానికి కావలసింది ఒక లంబకోణ త్రిభుజం మాత్రమే. త్రికోణమితి అనగానే పరీక్ష కోసం కంఠస్థం చేసే సూత్రాలని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చెయ్యి అందని చోటును కొలిచే విద్య. నది వెడల్పు, చెట్టు ఎత్తు, కొండ శిఖరం, చంద్రుడి దూరం, వీటిలో దేనికీ మనం టేపు పట్టలేం. కాని కోణం చూడగలం. ఒక కోణం, ఒక దూరం తెలిస్తే మిగతావన్నీ లెక్కలో దొరుకుతాయి.

నదిని ఎందుకు కొలవాలి?

అఫ్జల్‌గంజ్‌కు ఆ పేరు అయిదో నిజాం అఫ్జలుద్దౌలా వల్ల వచ్చింది. ఆయన 1857 నుంచి 1869 వరకు పాలించాడు. ధాన్యం వర్తకులకు ఇక్కడ స్థలం ఇచ్చాడు. గంజ్ అంటే బజారు. నదికి ఇవతల వ్యాపారం, అవతల పాతనగరం, మధ్య వంతెన. అలా పెరిగిన పేట ఇది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఎగువన కురిసిన కుంభవృష్టికి నది గట్లు దాటి రెండు వైపులా వీధులలోకి వచ్చింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో అప్పుడున్న ఆసుపత్రి కూలిపోయింది. ఆ ఆవరణలోని ఒక చింతచెట్టు మాత్రం నిలిచింది. దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. తరువాత అక్కడే ఉస్మానియా ఆసుపత్రి కట్టారు. ఆ చింతచెట్టు కింద ఏటా సెప్టెంబరు 28న జనం చేరి నాటి మృతులను స్మరిస్తుంటారు.

వరద తగ్గాక నిజాం ప్రభుత్వం ప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో హైదరాబాదు వచ్చాడు. ఊరికి ఎగువనే జలాశయాలు కట్టి వరదను ఆపాలని సూచించాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తి అయ్యాయి. ఇలాంటి పనికి ముందు ఇంజనీర్లు ఏం చేయాలి? నది ఎక్కడ ఎంత వెడల్పు, గట్టు ఎంత ఎత్తు, నేల ఎటు వాలుగా ఉంది అన్నవి కొలవాలి. కొలత తప్పితే కట్ట తప్పుతుంది. కట్ట తప్పితే ఊరు మునుగుతుంది. లంబకోణ త్రిభుజం లెక్క వెనుక ఇంత బాధ్యత ఉంది.

నిష్పత్తి ఎందుకు మారదు?

అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్, బేగంబజారు వీధులలో లారీలకు సరుకు ఎక్కించడం మీరు చూసే ఉంటారు. బరువైన నూనె పీపాను ఎత్తి లారీలో పెట్టడం కష్టం. అందుకని ఒక పొడవాటి చెక్క పలకను లారీ అంచుకు ఆనించి, దాని మీదుగా దొర్లిస్తారు. ఆ పలక, నేల, లారీ ఎత్తు కలిస్తే ఒక లంబకోణ త్రిభుజం అవుతుంది.

ఈ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉన్న పొడవాటి భుజం పలక. అది కర్ణం. పలకకూ నేలకూ మధ్య ఉన్నది మనకు కావలసిన కోణం. ఆ కోణానికి ఎదురుగా ఉన్నది లారీ ఎత్తు. అది ఎదుటి భుజం. నేల మీది దూరం ఆ కోణాన్ని ఆనుకుని ఉంది. అది ఆసన్న భుజం.

పలక మీద కింది కొస నుంచి మూడు అడుగుల దూరంలో సుద్దతో ఒక గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత ఒక అడుగు ఎత్తున ఉందనుకుందాం. ఆరు అడుగుల దగ్గర మరో గీత పెడితే అది ఎంత ఎత్తున ఉంటుంది? రెండు అడుగులు. పన్నెండు అడుగుల దగ్గర? నాలుగు అడుగులు. పలక మీద ఎక్కడ చూసినా ఎత్తును పొడవుతో భాగిస్తే ఒకే సంఖ్య వస్తుంది: మూడో వంతు. చిన్న త్రిభుజమైనా పెద్ద త్రిభుజమైనా కోణం ఒకటే కాబట్టి అవి సరూప త్రిభుజాలు. వాటి భుజాల నిష్పత్తులు మారవు. త్రికోణమితి మొత్తం ఈ ఒక్క సత్యం మీద నిలిచింది. నోటుపుస్తకంలో గీసిన అంగుళం త్రిభుజం మైళ్ళ పొడవున్న త్రిభుజం గురించి మనకు చెప్పగలగడానికి కారణం ఇదే.

ఈ నిష్పత్తులలో మూడింటికి పేర్లు పెట్టారు.

సైన్ = ఎదుటి భుజం ÷ కర్ణం
కొసైన్ = ఆసన్న భుజం ÷ కర్ణం
టాంజెంట్ = ఎదుటి భుజం ÷ ఆసన్న భుజం

ఒక హెచ్చరిక. కర్ణం ఎప్పుడూ కర్ణమే. కాని ఎదుటి, ఆసన్న అనే పేర్లు మీరు ఏ కోణం దగ్గర నిలబడ్డారో దాన్నిబట్టి మారతాయి. రెండో కోణం దగ్గరకు వెళితే ఎదుటిది ఆసన్నమవుతుంది, ఆసన్నం ఎదుటిదవుతుంది. అందుకే 30 డిగ్రీల సైన్, 60 డిగ్రీల కొసైన్ ఒకటే.

కొన్ని కోణాల విలువలు ఇవి:

కోణం — సైన్ — కొసైన్ — టాంజెంట్
10° — 0.174 — 0.985 — 0.176
20° — 0.342 — 0.940 — 0.364
30° — 0.500 — 0.866 — 0.577
40° — 0.643 — 0.766 — 0.839
45° — 0.707 — 0.707 — 1.000
50° — 0.766 — 0.643 — 1.192
60° — 0.866 — 0.500 — 1.732
70° — 0.940 — 0.342 — 2.747
80° — 0.985 — 0.174 — 5.671

మన పలకకు సైన్ 1/3, అంటే 0.333. పట్టికలో 20 డిగ్రీలకు 0.342 ఉంది. కాబట్టి కోణం దానికి కాస్త తక్కువ, సుమారు 19½ డిగ్రీలు. ఇంకో సంగతి కూడా ఈ సైన్ చెబుతుంది. ఒరిపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, 150 కిలోల పీపాను ఈ పలక మీద దొర్లించడానికి అందులో మూడో వంతు, అంటే 50 కిలోల బరువును మోసేటంత బలం చాలు. పలక 16 అడుగులదైతే సైన్ 4/16, అంటే పావు. అప్పుడు 37½ కిలోల బలం చాలు. బలం తగ్గింది, దొర్లించే దూరం పెరిగింది. పలక పొడుగైతే పని సుళువని హమాలీకి అనుభవం చెబుతుంది. ఎంత సుళువో సైన్ చెబుతుంది.

ఏ నిష్పత్తిని వాడాలి?

లెక్క ముందు పెట్టుకోగానే చాలామంది తడబడేది ఇక్కడే. మూడు పనులు వరసగా చేయండి.

మొదటిది, బొమ్మ గీయండి. లంబకోణం ఎక్కడో గుర్తు పెట్టండి.

రెండోది, తెలిసిన భుజం ఏది, తెలుసుకోవలసిన భుజం ఏది అని చూసి, కోణాన్నిబట్టి వాటికి పేర్లు పెట్టండి.

మూడోది, ఆ రెండు పేర్లూ ఉన్న నిష్పత్తిని తీసుకోండి. ఎదుటిది, కర్ణం అయితే సైన్. ఆసన్నం, కర్ణం అయితే కొసైన్. కర్ణంతో పని లేకపోతే టాంజెంట్.

ఇక నది దగ్గరకు వద్దాం.

నది వెడల్పు

ఆవలి గట్టున సరిగ్గా నీటి అంచున ఉన్న ఒక గుర్తును ఎంచుకోండి. చెట్టు కావచ్చు, రాయి కావచ్చు. దాన్ని 'చ' అనుకుందాం. ఇవతలి గట్టున దానికి తిన్నగా ఎదురుగా ఒక మేకు పాతండి. అది 'అ'. ఇప్పుడు అ-చ గీతకు లంబంగా, గట్టు వెంట 60 మీటర్లు నడిచి మరో మేకు పాతండి. అది 'బ'.

లంబంగా నడుస్తున్నామని ఎలా తెలుస్తుంది? ఒక తాడును 12 సమాన భాగాలుగా ముడులు వేయండి. దాన్ని 3, 4, 5 భాగాల భుజాలుగా లాగి పడితే 3కూ 4కూ మధ్య లంబకోణం వస్తుంది. 9, 16 కలిపితే 25. పైథాగరస్ సిద్ధాంతం అదే గదా!

'బ' దగ్గర నిలిచి, 'అ' వైపు గీతకూ 'చ' వైపు గీతకూ మధ్య కోణం కొలవండి. అది 58 డిగ్రీలు వచ్చిందనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే. అసలు కొలత మీరే తీసుకోవాలి.

'బ' దగ్గర కోణానికి ఎదురుగా ఉన్నది నది వెడల్పు. ఆసన్నంగా ఉన్నది మనం నడిచిన 60 మీటర్లు. కర్ణంతో పని లేదు. కాబట్టి టాంజెంట్.

నది వెడల్పు = 60 × టాంజెంట్ 58° = 60 × 1.600 = 96 మీటర్లు.

కాలు తడవకుండా నది వెడల్పు తెలిసింది. నీటి దగ్గరకు దిగనవసరం లేదు, దిగవద్దు కూడా. ముందు ఈ ప్రయోగం బడి ఆటస్థలంలో చేయండి. మైదానాన్నే నది అనుకుని లెక్క కట్టి, ఆపైన టేపుతో కొలిచి సరిచూసుకోండి. తాళం చేతిలో ఉన్నప్పుడే తలుపు తీయడం నేర్చుకోవాలి.

దూరం వేరు, తాడు వేరు

ఇప్పుడొక ఊహ. వరద రోజున చింతచెట్టు కొమ్మ మీద, నీటికి 6 మీటర్ల ఎత్తున, ఒక మనిషి ఉన్నాడనుకోండి. దూరంగా నీటి మీద ఒక పడవ వచ్చి ఆగింది. చెట్టు దగ్గరకు రాలేకపోతున్నది. కొమ్మ మీది మనిషి తిన్నగా ముందుకు చూసే చూపుకూ, పడవ వైపు కిందికి దించిన చూపుకూ మధ్య కోణం 20 డిగ్రీలు. దీన్ని నిమ్నకోణం అంటారు. పడవ వాళ్ళ దగ్గర 17 మీటర్ల తాడు ఉంది. అది కొమ్మను అందుకుంటుందా?

నీటికి సమాంతరంగా ఉన్న చూపు గీత, నీరు రెండూ సమాంతర రేఖలు. కాబట్టి పైన ఉన్న నిమ్నకోణం ఎంతో, కింద పడవ దగ్గర కొమ్మ వైపు చూసే ఊర్ధ్వకోణమూ అంతే. అదీ 20 డిగ్రీలే. దానికి ఎదుటి భుజం 6 మీటర్లు.

తొందరపడి చెట్టుకూ పడవకూ దూరం కడితే 6 ÷ 0.364 = 16.5 మీటర్లు వస్తుంది. 17 మీటర్ల తాడు చాలుననిపిస్తుంది. కాని తాడు నీటి మీద పరుచుకోదు. కొమ్మ నుంచి పడవకు వాలుగా సాగుతుంది. అది కర్ణం. ఎదుటి భుజం తెలుసు, కర్ణం కావాలి. కాబట్టి సైన్.

తాడు పొడవు = 6 ÷ సైన్ 20° = 6 ÷ 0.342 = 17.5 మీటర్లు.

అర మీటరు చాలలేదు! కొమ్మకు ముడి వేయడానికి ఇంకా కొంత కావాలి. పరీక్షలో టాంజెంట్‌కూ సైన్‌కూ తికమకపడితే రెండు మార్కులు పోతాయి. ఇక్కడ ఒక ప్రాణం పోతుంది. ఏ భుజం అడుగుతున్నారో చూసుకోమని మాస్టారు పదే పదే చెప్పడం ఊరికే కాదు.

కోణమాపకం చేసుకుందాం

కావలసినవి: మీ జామెట్రీ పెట్టెలోని అర్ధవృత్తపు కోణమాపకం, ఒక సన్నని గొట్టం, జానెడు దారం, ఒక చిన్న రాయి.

కోణమాపకం తిన్నని అంచుకు గొట్టాన్ని అంటించండి. ఆ అంచు మధ్య బిందువు దగ్గర దారం కట్టి, రెండో కొసకు రాయి వేలాడదీయండి. అర్ధవృత్తం కిందికి ఉండేటట్లు పట్టుకుని గొట్టంలోనుంచి చూడండి. తిన్నగా ముందుకు చూస్తే దారం 90 మీద ఉంటుంది. తల ఎత్తి చెట్టు కొన చూస్తే దారం జరుగుతుంది. దారం ఎప్పుడూ భూమి వైపే వేలాడుతుంది, తిరిగింది కోణమాపకం మాత్రమే. దారం ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే ఊర్ధ్వకోణం. దారం 50 మీద ఉంటే 90 – 50 = 40 డిగ్రీలన్నమాట. గొట్టంలోనుంచి సూర్యుణ్ణి మాత్రం ఎప్పుడూ చూడవద్దు.

ఎత్తు కట్టేటప్పుడు మరొకటి మరవకండి. మీరు నేల మీద నుంచి కాదు, కంటి ఎత్తు నుంచి చూస్తున్నారు. లెక్కలో వచ్చిన ఎత్తుకు మీ కంటి ఎత్తు కలపాలి.

చార్మినార్ ఎత్తెంత? మీరే తీర్పు చెప్పండి

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపుల్ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే చార్మినార్ వస్తుంది. 1591లో కట్టిన ఈ కట్టడం ఎత్తెంత? ఇక్కడొక చిక్కు ఉంది. కొన్ని పుస్తకాలలో సుమారు 160 అడుగులని ఉంటుంది. అంటే 48.8 మీటర్లు. మరికొన్నింటిలో 56 మీటర్లని ఉంటుంది. రెండింటికీ ఏడు మీటర్ల తేడా! ఒక రెండంతస్తుల ఇంటి ఎత్తంత. ఈ తగువును ఒక బడి పిల్లవాడి కోణమాపకం తీర్చగలదా?

మొదట ఒక పద్ధతి చూద్దాం. మీనారు మొదలు దగ్గరకు వెళ్ళనక్కరలేని పద్ధతి ఇది. మీనారు కొన 45 డిగ్రీల కోణంలో కనిపించే చోట నిలబడండి. అక్కడి నుంచి తిన్నగా వెనక్కి నడిచి, అది 30 డిగ్రీలలో కనిపించే చోట ఆగండి. రెండు చోట్ల మధ్య దూరం కొలవండి. అది 40 మీటర్లు వచ్చిందనుకుందాం.

కంటి ఎత్తు నుంచి మీనారు కొన ఎత్తును 'ఎ' అనుకుంటే, 45 డిగ్రీల చోటు నుంచి మీనారుకు దూరం కూడా 'ఎ'యే, ఎందుకంటే 45 డిగ్రీల టాంజెంట్ 1. 30 డిగ్రీల చోటు నుంచి దూరం 'ఎ'ను 0.577తో భాగిస్తే వస్తుంది. అది 1.732 × ఎ. రెండు దూరాల తేడా 0.732 × ఎ. ఇది 40 మీటర్లకు సమానం. కాబట్టి ఎ = 40 ÷ 0.732 = 54.6 మీటర్లు. కంటి ఎత్తు 1.4 కలిపితే 56 మీటర్లు.

అయితే తగువు తీరిందా? ఆగండి. మీ దారం గాలికి ఊగి ఒక డిగ్రీ తప్పు చూపిందనుకుందాం. అసలు కోణం 30 కాదు, 29. అప్పుడు ఇదే లెక్కలో ఎత్తు సుమారు 51 మీటర్లు వస్తుంది. కోణం 31 అయితే సుమారు 61½ మీటర్లు. ఒక్క డిగ్రీ పొరపాటుకు అయిదు మీటర్లు! తగువే ఏడు మీటర్లది. ఇలాంటి సాక్షి మాట కోర్టులో చెల్లదు.

రెండో పద్ధతి చూడండి. 45 డిగ్రీల చోట నిలిచి, అక్కడి నుంచి మీనారు దాకా తిన్నగా టేపుతో కొలవడం. అప్పుడు మీనారు ఎత్తు = ఆ దూరం + కంటి ఎత్తు. 160 అడుగులన్నది నిజమైతే దూరం 47.4 మీటర్లు రావాలి. 56 మీటర్లన్నది నిజమైతే 54.6 మీటర్లు రావాలి. కోణంలో ఒక డిగ్రీ తప్పినా ఎత్తులో వచ్చే పొరపాటు రెండు మీటర్లలోపే. తగువు ఏడు మీటర్లది, పొరపాటు రెండు మీటర్లది. కాబట్టి ఈ సాక్షిని నమ్మవచ్చు.

ఒక మెళకువ. మీనారు కొన దాని నడిమధ్యకు పైన ఉంటుంది. టేపును మీనారు గోడ దగ్గర ఆపి ఊరుకోకూడదు. మీనారు మందంలో సగం కలుపుకోవాలి. అయిదుగురు స్నేహితులు విడివిడిగా కోణం చూసి, సగటు తీసుకుంటే ఇంకా మంచిది.

కోణం ఎంత ఉంటే మేలు? నది లెక్కనే మళ్ళీ చూడండి. గట్టు వెంట 60 మీటర్లు నడిచే ఓపిక లేక 17 మీటర్లే నడిచారనుకుందాం. అప్పుడు కోణం 80 డిగ్రీలు ఉంటుంది. 17 × 5.671 = 96.4 మీటర్లు. బాగానే ఉంది. కాని ఒక డిగ్రీ తప్పితే? 79 డిగ్రీలకు 87.5 మీటర్లు, 81 డిగ్రీలకు 107 మీటర్లు. పది మీటర్ల తేడా. 60 మీటర్లు నడిస్తే అదే ఒక డిగ్రీకి నాలుగు మీటర్ల తేడాయే. కోణం 45 డిగ్రీలకు దగ్గరగా ఉండేటట్లు చోటు చూసుకుంటే పొరపాటు అన్నిటికంటె తక్కువ. సూత్రం తెలియడం సగం విద్య. ఎక్కడ నిలబడాలో తెలియడం మిగతా సగం.

జేబు నుంచి సైన్

ఈ 'సైన్' అనే మాట ఎక్కడిది? క్రీ.శ. 499 నాటి 'ఆర్యభటీయం'లో ఆర్యభటుడు దీని పట్టిక ఇచ్చాడు. 3¾ డిగ్రీలకు ఒకటి చొప్పున 90 డిగ్రీల వరకు 24 విలువలు. ఆయన వృత్త వ్యాసార్ధాన్ని 3438 భాగాలుగా తీసుకున్నాడు. ఆ లెక్కలో 30 డిగ్రీలకు వచ్చేది 1719. దాన్ని 3438తో భాగించండి. సరిగ్గా అర! మన పట్టికలోని 0.500 అదే.

ఆర్యభటుడు దీన్ని అర్ధజ్య అన్నాడు. జ్య అంటే వింటినారి. వృత్తంలోని చాపం విల్లయితే, దాని జ్యా రేఖ నారి. జ్యకే జీవ అని ఇంకో పేరు. ఈ విద్య అరబ్బు దేశాలకు వెళ్ళినప్పుడు జీవ 'జీబ' అయింది. అరబ్బీ రాతలో అచ్చులు సాధారణంగా రాయరు. 'జ-బ' అని రాసినదాన్ని తరువాతివారు తమకు తెలిసిన 'జైబ్' అనే మాటగా చదివారు. జైబ్ అంటే అంగీ మెడ దగ్గరి తెరపు, వంపు. 12వ శతాబ్దంలో యూరపు పండితులు దాన్ని లాటిన్‌లోకి మార్చుతూ, వంపు అనే అర్థం ఉన్న 'సైనస్' అనే మాట పెట్టారు. అదే సైన్ అయింది. అరబ్బీలో ఈనాటికీ సైన్‌ను జైబ్ అనే అంటారు.

ఆ జైబే పారశీకం, ఉర్దూల మీదుగా మన తెలుగులోకి వచ్చి 'జేబు' అయింది! అఫ్జల్‌గంజ్ దుకాణంలో బేరం ఆడి మీరు చెయ్యి పెట్టే జేబు, మీ లెక్కల పుస్తకంలోని సైన్ ఒకే మాట నుంచి వచ్చిన చుట్టాలన్నమాట.

చెన్నపట్నం నుంచి ఎవరెస్టు దాకా

ఒక త్రిభుజంతో నదిని కొలవవచ్చు. త్రిభుజానికి త్రిభుజం తగిలిస్తూ పోతే దేశాన్నే కొలవవచ్చు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఈ పని మొదలుపెట్టాడు. మొదట నేల మీద ఒక గీతను గొలుసుతో జాగ్రత్తగా కొలిచారు. ఆపైన కోణాలు చూస్తూ, కొండల మీద నుంచి కొండలకు త్రిభుజాలు అల్లుకుంటూ పోయారు. ఆయన కోణాలు చూసిన థియోడలైట్ బరువు అర టన్ను. దాన్ని మనుషులే మోశారు. 1818లో జార్జి ఎవరెస్టు హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర సహాయకుడుగా చేరాడు. లాంబ్టన్ 1823లో మన ప్రాంతం నుంచి ఉత్తరానికి సాగుతూ హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆ పనిని ఎవరెస్టు కొనసాగించాడు.

అదే సర్వేలో లెక్కలు చేసిన రాధానాథ్ సిక్దార్ లెక్కల నుంచి హిమాలయాలలో ఒక శిఖరం అన్నిటికంటె ఎత్తయినదని తేలింది. దాని ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. ఆ శిఖరానికే ఎవరెస్టు పేరు పెట్టారు. ఆ మనుషులలో ఒక్కరూ ఆ శిఖరం ఎక్కలేదు. నూరు మైళ్ళకు పైగా దూరం నుంచి కోణాలు చూసి చెప్పిన లెక్క అది. ఉపగ్రహాల సాయంతో కొలిచి 2020లో నేపాల్, చైనా ప్రకటించిన ఎత్తు 8848.86 మీటర్లు, అంటే సుమారు 29,032 అడుగులు. తేడా ముప్పై అడుగులే!

ఈ లెక్కలు చేసి చూడండి

1. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఎత్తయిన బీరువాకు 3 మీటర్ల నిచ్చెన ఆనించారనుకోండి. దాని కాలు బీరువాకు 1 మీటరు దూరంలో ఉంది. నిచ్చెన నేలతో చేసే కోణం ఎంత? అది ఎంత ఎత్తును అందుకుంటుంది?

2. సూర్యుడు 40 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు ఒక దీపస్తంభం నీడ 9 మీటర్లు. స్తంభం ఎత్తెంత? (నీడ నేల మీదనే ఉంది కాబట్టి ఇక్కడ కంటి ఎత్తు కలపాలా?)

3. వంతెన మీద మీ కన్ను నీటికి 8 మీటర్ల ఎత్తున ఉంది. తేలుతున్న ఒక కొమ్మ 20 డిగ్రీల నిమ్నకోణంలో కనబడింది. వంతెన అడుగు నుంచి అది ఎంత దూరంలో ఉంది?

4. చింతచెట్టు దగ్గరి లెక్కలో నిమ్నకోణం 30 డిగ్రీలైతే 17 మీటర్ల తాడు చాలుతుందా?

జవాబులు: 1. సుమారు 70½ డిగ్రీలు, 2.83 మీటర్లు. 2. 7.55 మీటర్లు, కలపనక్కరలేదు. 3. సుమారు 22 మీటర్లు. 4. తాడు 12 మీటర్లు కావాలి, కాబట్టి చాలుతుంది, ముడికి అయిదు మీటర్లు మిగులుతుంది.

చార్మినార్ ఎత్తుకు మాత్రం ఇక్కడ జవాబు ఇవ్వలేదు. అది టేపు, దారం, రాయి తీసుకుని మీరు వెళ్ళి తేల్చవలసిన లెక్క.